అమ్మ ఆడితే అమ్మాయి గెలిచింది

నవంబరు వస్తోందంటే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సందడి మొదలైనట్టే. మొదటి ఆట ఇంకా పడకముందే అక్కడి పత్రికలు జాబితాలు వేసేస్తాయి. ఈసారి ఏ కాలేజీ జట్టు గట్టిది, ఏ అమ్మాయి మీద ఆశలు పెట్టుకోవచ్చు, కొత్తగా చేరినవాళ్లలో ఎవరు మెరవబోతున్నారు... ఇలా. మగపిల్లల జాబితాలు ఎప్పట్నుంచో ఉన్నవే. ఆడపిల్లల జాబితాల కోసం కూడా జనం ఎదురుచూడటం, మా జట్టంటే మా జట్టని వాదులాడుకోవడం మాత్రం ఇటీవలి ముచ్చట.

2025 నవంబరు 3న మొదలైన సీజనునే తీసుకోండి. దానికి ముందు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వేసిన వరసలో కనెక్టికట్ యూనివర్సిటీ మొదటి స్థానంలో ఉంది. ఆ తర్వాత సౌత్ కరోలినా, యూసీఎల్‌ఏ, టెక్సాస్, లూసియానా స్టేట్. ఆశలు పెట్టుకోదగ్గ క్రీడాకారిణుల్లో శారా స్ట్రాంగ్, ఆజీ ఫడ్, లారెన్ బెట్స్, హానా హిడాల్గో, మాడిసన్ బుకర్, ఆడీ క్రుక్స్ పేర్లు మళ్లీ మళ్లీ వినిపించాయి.

'ఎక్కడో అమెరికాలో ఎవరో పిల్లలు బంతాట ఆడితే మనకేమిటి?' అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ జాబితాలో పేర్లు చదివి ఊరుకోకుండా, ఆ పేర్ల వెనక ఎవరున్నారో చూడండి. అక్కడ మనకి పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది.

ఇద్దరు తల్లులు

ముందు శారా స్ట్రాంగ్ సంగతి. 2025 ఏప్రిల్ 6న టాంపా నగరంలో జరిగిన ఫైనల్లో కనెక్టికట్ జట్టు 82-59 తేడాతో సౌత్ కరోలినాని ఓడించింది. ఆ కాలేజీకి అది పన్నెండో జాతీయ ఛాంపియన్‌షిప్. ఆ రోజు శారా 24 పాయింట్లు చేసింది. బాస్కెట్‌కి తగిలి వెనక్కొచ్చిన బంతిని 15 సార్లు అందుకుంది. అప్పటికి ఆమె కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థిని!

ఈ అమ్మాయికి ఆట ఎక్కడ అబ్బిందనుకున్నారు? ఇంట్లోనే. ఆమె తల్లి ఆలిసన్ ఫీస్టర్ హార్వర్డ్ యూనివర్సిటీ జట్టులో ఆడింది. 1998 మార్చిలో ఆ జట్టు అట్టడుగు పదహారో ర్యాంకుతో టోర్నమెంటుకి వచ్చి, మొదటి ర్యాంకు స్టాన్‌ఫర్డ్‌ని వాళ్ల సొంత కోర్టులోనే 71-67తో ఓడించింది. ఆడవాళ్ల టోర్నమెంటులోగాని, మగవాళ్లదాంట్లోగాని అంతకుముందు ఎన్నడూ జరగని వింత అది. మగవాళ్ల విభాగంలో అలాంటి గెలుపు కోసం మరో ఇరవై ఏళ్లు, 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆటలో ఫీస్టర్ ఒక్కతే 35 పాయింట్లు చేసింది. తర్వాత వృత్తి క్రీడాకారిణిగా అమెరికాలోనూ యూరప్‌లోనూ ఏళ్ల తరబడి ఆడింది.

ఇక ఆజీ ఫడ్. అదే ఫైనల్లో ఆమెవీ 24 పాయింట్లే. చివరి దశ ఆటల్లో ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే దక్కింది. 'ఆజీ' అన్న పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? జెనిఫర్ ఆజీ అనే పేరున్న క్రీడాకారిణి మీద అభిమానంతో తల్లిదండ్రులు పెట్టుకున్నారు. మనవాళ్లు పిల్లలకి సినిమా తారల పేర్లో, దేవుళ్ల పేర్లో పెట్టుకున్నట్టే అన్నమాట. తల్లి కేటీ ఫడ్ కూడా కాలేజీ జట్లలో ఆడినదే. కూతురికి మొదటి కోచ్ కూడా ఆమే.

ఇది గమనించండి. తండ్రి క్రికెట్ ఆడితే కొడుకు బ్యాటు పట్టడం మనకి కొత్త కాదు. ఆ కథలు పత్రికల్లో బోలెడు చదివాం. తల్లి ఆడిన ఆట కూతురికి వారసత్వంగా రావడం అన్నది మాత్రం మనం ఎంత అరుదుగా వింటాం! ఎందుకంటే తల్లికి ఆట ఉండాలి కదా, కూతురికి ఇవ్వడానికి. అమెరికాలో కూడా పాతకాలపు తల్లుల దగ్గర అది లేదు. మధ్యలో ఏదో జరిగింది. ఏం జరిగింది?

తలుపులు మూసి ఆడిన ఆట

1890ల మాట. బాస్కెట్‌బాల్ పుట్టిన కొద్ది నెలలకే మసాచుసెట్స్‌లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని ఆ ఆటను తన విద్యార్థినులకి నేర్పింది. అయితే ఆడపిల్లలు ఎక్కువ పరుగెత్తితే ఒంటికి మంచిది కాదని ఆ రోజుల్లో డాక్టర్లే చెప్పేవాళ్లు. అందుకని కోర్టుని మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లే ఉండాలని నియమం పెట్టారు. చూడ్డానికి మగవాళ్లని రానివ్వలేదు. 1896లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కాలేజీల అమ్మాయిలు పోటీపడినప్పుడు కూడా లోపలికి ఆడవాళ్లకే ప్రవేశం. ఆ ఆటలో స్కోరెంతో తెలుసా? 2-1!

ఆ గీతలు అంత తొందరగా చెరిగిపోలేదు. అయోవా రాష్ట్రంలో హైస్కూలు అమ్మాయిలు జట్టుకి ఆరుగురు చొప్పున ఆడేవాళ్లు. ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు రెండో సగంలో. మధ్య గీత దాటకూడదు. బంతి వేసేవాళ్లు వేయడమే, అడ్డుకునేవాళ్లు అడ్డుకోవడమే. ఊళ్లకి ఊళ్లు వచ్చి చూసేంత ఆదరణ ఉండేది దానికి. కాదనలేం. కానీ కోర్టంతా పరుగెత్తే హక్కు మాత్రం ఆ పిల్లలకి లేదు. ఆ పద్ధతి 1993 దాకా సాగింది. అంటే నిన్నమొన్నటి దాకా!

అదే అయోవా రాష్ట్రంలో పుట్టి పెరిగిన కైట్లిన్ క్లార్క్ 2024లో కాలేజీ చదువు ముగించేనాటికి 3,951 పాయింట్లు చేసింది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మొదటి శ్రేణిలో ఆడా మగా కలిపి చూసినా అంతకుముందు అన్ని పాయింట్లు ఎవరూ చేయలేదు. సగం కోర్టు దాటనివ్వని చోట, సగం కోర్టు గీత దగ్గర్నుంచే బంతి విసిరి బాస్కెట్లో వేసే అమ్మాయి తయారైంది. ముప్ఫై ఏళ్లలో వచ్చిన తేడా ఇది.

ఈ తేడాకి పునాది 1972 జూన్ 23న పడింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడా మగా అన్న తేడా చూపకూడదని ఆ రోజు చట్టం వచ్చింది. దాన్ని 'టైటిల్ నైన్' అంటారు. ప్యాట్సీ మింక్, ఈడిత్ గ్రీన్ అనే మహిళా సభ్యులు దానికోసం గట్టిగా పాటుపడ్డారు. చిత్రమేమిటంటే ఆ వాక్యంలో ఆటల ఊసే లేదు. ఆటలు కూడా చదువులో భాగమే కాబట్టి చట్టం వాటికీ వర్తించింది. కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ దీన్ని ఇష్టపడలేదు. 1976లో కోర్టుకి కూడా వెళ్లింది. ఆడపిల్లలకి ఖర్చు పెడితే మగపిల్లల ఆటలు పాడైపోతాయన్నది వాళ్ల భయం. ఇప్పుడు ఆడపిల్లల టోర్నమెంటును నడుపుతున్నది ఆ సంఘమే!

చట్టం రాకముందు 1971-72లో ఆ దేశం మొత్తం మీద హైస్కూలు ఆటల్లో పాల్గొన్న అమ్మాయిలు 3 లక్షలకన్నా తక్కువ. ఇప్పుడు 30 లక్షలు దాటారు. అప్పటి అమ్మాయిలకి, ఇప్పటి అమ్మాయిలకి కాళ్లూ చేతులూ ఒకటే. మారింది వాళ్లు కాదు, వాళ్లకి దొరికిన చోటు.

టూత్‌బ్రష్‌లు అమ్మి పోటీకి వెళ్లారు

అలాగని చట్టం ఒక్కటే అన్నీ చక్కబెట్టిందా? లేదు. ఫిలడెల్ఫియా దగ్గర ఇమాక్యులేటా అని నన్స్ నడిపే చిన్న ఆడపిల్లల కాలేజీ ఉండేది. 1972లో దేశమంతటికీ జరిగిన పోటీకి వెళ్లడానికి వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. టూత్‌బ్రష్‌లు అమ్మి కొంత పోగుచేశారు. జట్టంతా వెళ్లడానికి చాలక ఎనిమిదిమందే వెళ్లారు. వెళ్లి గెలిచి వచ్చారు! ఆ తర్వాత రెండేళ్లూ వాళ్లే ఛాంపియన్లు. కాలేజీ నన్స్ బకెట్లు వాయిస్తూ పిల్లల్ని ఉత్సాహపరిచేవాళ్లట. కోచ్ కాథీ రష్‌కి ఏడాదికి ఇచ్చిన జీతం 450 డాలర్లు.

టెనసీ యూనివర్సిటీలో ప్యాట్ సమిట్ 22 ఏళ్ల వయసులో, 1974లో కోచ్‌గా చేరింది. నెలకి 250 డాలర్లు. జట్టు వ్యాను తానే నడిపేది, పిల్లల ఆటబట్టలు తానే ఉతికేది. 2012లో విరమించేనాటికి 1,098 విజయాలు, 8 జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఆమె ఖాతాలో ఉన్నాయి. ఈమె కథలో తండ్రి పాత్ర మరిచిపోకూడదు. ఆయన రైతు. వాళ్లుండే ప్రాంతంలోని హైస్కూల్లో అమ్మాయిల జట్టు లేదని, జట్టున్న స్కూలు కోసం పక్క కౌంటీకి కాపురమే మార్చేశాడు. కూతురి ఐఐటీ కోచింగ్ కోసం ఊరు మారే తండ్రులు మనకీ ఉన్నారు. ఆట కోసం మారిన తండ్రిని ఒక్కణ్ని చూపించగలరా?

ఇలాంటివాళ్లంతా ఓపిగ్గా పట్టుకుని ఉంటే, ఎన్‌సీఏఏ 1982లో ఆడపిల్లలకి తొలి జాతీయ టోర్నమెంటు పెట్టింది. ఆ ఫైనల్‌కి వచ్చిన రెండు జట్లలో ఒకటి చైనీ స్టేట్ అనే నల్లవారి చిన్న కాలేజీది. వివియన్ స్ట్రింగర్ అనే మహిళ వాళ్ల కోచ్. లూసియానా టెక్ చేతిలో ఓడిపోయారు. అయినా అంతదాకా రావడమే పెద్ద విశేషం.

వీళ్ల నీడలో పెరిగిందే ఆలిసన్ ఫీస్టర్ల, కేటీ ఫడ్‌ల తరం. ఆ తరం ఒళ్లోంచి దిగిందే శారాల, ఆజీల తరం. ఒక తరాన్ని ఆడనిచ్చారు. రెండో తరం జాబితాలకెక్కింది. సంగతి ఇంతే. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

జాబితా జాతకం కాదు

అయితే ఈ ఆశల జాబితాలని మరీ జాతకాల్లా నమ్మనక్కర్లేదు. 2020లో హైస్కూలు ముగించి కాలేజీలో చేరబోయే అమ్మాయిల వరస వేసినప్పుడు కైట్లిన్ క్లార్క్‌కి దక్కింది నాలుగో స్థానం. మొదటి స్థానం పెయిజ్ బెకర్స్‌ది. నాలుగేళ్లలో రికార్డులు తిరగరాసింది నాలుగో అమ్మాయి. మొదటి అమ్మాయి మోకాలు దెబ్బతిని 2022-23 సీజనంతా కూర్చోవలసి వచ్చింది. అయినా 2025లో జాతీయ ఛాంపియన్‌గానే కాలేజీ వదిలింది.

మోకాలి మాట ఇంకాస్త చెప్పుకోవాలి. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం అమ్మాయిల్లో అబ్బాయిలకన్నా రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని వైద్యులు చెబుతారు. ఆజీ ఫడ్‌కి రెండుసార్లు తెగింది, 2019లో ఒకసారి, 2023లో మరోసారి. మొదటి ఏడాదే 920 పాయింట్లు చేసి ఔరా అనిపించిన జూజూ వాట్కిన్స్‌కి 2025 మార్చిలో టోర్నమెంటు మధ్యలో తెగింది. 2025-26 సీజనంతా ఆడనని ఆమె ముందే చెప్పేసింది. సౌత్ కరోలినా అమ్మాయి క్లోయీ కిట్స్‌కి సీజను మొదలు కాకముందే, 2025 అక్టోబరులో అదే దెబ్బ తగిలింది.

మన ఇంట్లో అయితే ఏమంటాం? 'చాల్లే ఇక, కాలు విరగ్గొట్టుకున్నది చాలు, రేపు పెళ్లి కావాల్సిన పిల్లవి' అంటాం. కోపంతో కాదు, భయంతోనే అంటాం. అక్కడ ఏం చేశారు? ఆపరేషన్ చేయించారు, నెలల తరబడి వ్యాయామం చేయించారు, జట్టులో ఆమె చోటు ఆమెకి ఉంచారు. రెండుసార్లు పడ్డ ఆజీ ఫడ్ ఉత్తమ క్రీడాకారిణిగా లేచిందంటే ఆమె పట్టుదలతోపాటు ఆ ఎదురుచూపు కూడా కారణమే. దూకినప్పుడు మోకాలు లోపలికి వాలకుండా దిగడం, తొడ కండరాలు గట్టిపరుచుకోవడం నేర్పితే ఈ దెబ్బలు తగ్గుతాయని కూడా తేలింది. అంటే మాన్పించడం ఒక్కటే మందు కాదు.

అలాగే ఒళ్లు. లారెన్ బెట్స్ ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. హానా హిడాల్గో 5 అడుగుల 6 అంగుళాలే. ఆ చిన్నమ్మాయే 2025 నవంబరులో ఆక్రన్ జట్టు మీద ఒకే ఆటలో 44 పాయింట్లు చేసి, ఎదుటివాళ్ల దగ్గర్నుంచి 16 సార్లు బంతి లాక్కుని కొత్త రికార్డు పెట్టింది. ఆడీ క్రుక్స్ భారీ మనిషి. ఆమె ఒంటి మీద నోటికొచ్చినట్టు మాట్లాడినవాళ్లకి అక్కడా కొదవలేదు. ఆమె మాత్రం 2024లో జాతీయ టోర్నమెంటులో ఆడిన మొట్టమొదటి ఆటలోనే 20 సార్లు బంతి విసిరి 18 సార్లు బాస్కెట్లో వేసింది. మొత్తం 40 పాయింట్లు! పొడుగు పిల్లకి సంబంధం దొరకదని, లావు పిల్ల పరుగెత్తితే బాగుండదని మనం లెక్కలు వేసుకుంటాం. ఆటకి ఆ లెక్కలు తెలియవు. పొడుగుకి ఒక పని ఉంది, పొట్టికి ఒక పని ఉంది, బలానికి ఒక పని ఉంది.

ఇంత ఎత్తున్న లారెన్ బెట్స్ కూడా మనసు కుంగిపోయి కొన్నాళ్లు ఆటకి దూరమైంది. ఆ సంగతి దాచకుండా నలుగురిలో చెప్పింది. తిరిగి వచ్చి జట్టుకి వెన్నెముక అయింది. పేరొచ్చిన పిల్లకి బాధలుండవనుకోవడం పొరపాటు. ఆశలు పెట్టుకునేవాళ్లు ఆ బరువు ఎవరి మీద పడుతుందో కూడా చూసుకోవాలి.

అక్కడా అంతా బంగారం కాదు

ఇదంతా చదివి అమెరికా ఆడపిల్లలకి స్వర్గమనుకోకండి. 2021లో జాతీయ టోర్నమెంట్లు జరిగినప్పుడు మగ జట్లకి పెద్ద హాలు నిండా వ్యాయామ పరికరాలు పెట్టారు. ఆడ జట్లకి ఒక చిన్న స్టాండు డంబెల్స్, కొన్ని యోగా చాపలు పెట్టారు. చోటు లేకపోవడం వల్ల అని సర్దిచెప్పబోయారు. సెడోనా ప్రిన్స్ అనే క్రీడాకారిణి ఖాళీగా పడి ఉన్న చోటంతా వీడియో తీసి లోకానికి చూపించింది. గొడవైంది, విచారణ జరిగింది. తమ టోర్నమెంటుకు పెట్టుకున్న 'మార్చ్ మ్యాడ్‌నెస్' అన్న పేరును అప్పటిదాకా మగవాళ్లకే వాడుకున్న సంఘం 2022 నుంచి ఆడవాళ్లకీ ఇచ్చింది. పేరు కూడా అడిగి తీసుకోవాల్సిందే!

2024 ఏప్రిల్‌లో ఆడవాళ్ల ఫైనల్ని అమెరికాలో కోటీ 85 లక్షలమందికి పైగా చూశారు. ఆ ఏడాది మగవాళ్ల ఫైనల్ చూసినవాళ్లు కోటీ 48 లక్షలు. ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారన్న పాతపాటకి అదే జవాబు. అయినా టోర్నమెంటులో గెలిచిన ఆటల్ని బట్టి కాలేజీలకి డబ్బు పంచే పద్ధతి మగ జట్లకి 1991 నుంచీ ఉంటే, ఆడ జట్లకి 2025లో గాని మొదలు కాలేదు. కైట్లిన్ క్లార్క్ 2024లో వృత్తి లీగులో అందరికన్నా ముందు ఎంపికైతే మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. అదే ఏడాది మగవాళ్ల లీగులో మొదట ఎంపికైన కుర్రాడికి కోటీ 20 లక్షల డాలర్ల పైమాటే.

ఇంకో విచిత్రం వినండి. 1972కి ముందు అన్ని ఆటల్లోనూ ఆడపిల్లల కాలేజీ జట్లకి పదింట తొమ్మిది చోట్ల ఆడవాళ్లే కోచ్‌లు. జీతాలు పెరిగి, ఉద్యోగానికి గౌరవం వచ్చాక ఆ చోట్లలోకి మగవాళ్లు వచ్చారు. నలభై ఏళ్లు గడిచేసరికి ఆడ కోచ్‌లు సగానికన్నా తగ్గిపోయారు. జీతం లేనంతకాలం ఆడవాళ్ల పని, జీతం వచ్చాక అందరి పని! ఈ న్యాయం మనకి తెలియనిదా?

అందుకే సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీ లాంటివాళ్లు ముఖ్యం. ఫిలడెల్ఫియాలో పేదల కోసం కట్టిన ఇళ్ల మధ్య మగపిల్లలతో ఆడుతూ పెరిగిన నల్లజాతి అమ్మాయి ఆమె. క్రీడాకారిణిగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. కోచ్‌గా 2017, 2022, 2024లలో జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చింది. 2023-24లో ఆమె జట్టు 38 ఆటలు ఆడి ఒక్కటీ ఓడలేదు. మగ కోచ్‌తో సమానంగా ఇవ్వాల్సిందేనని నిలబడి, 2021లో ఏడేళ్లకి 2 కోట్ల 24 లక్షల డాలర్ల ఒప్పందం తీసుకుంది. ఇమాక్యులేటా కోచ్ తీసుకున్న 450 డాలర్లను ఒక్కసారి తలుచుకోండి.

మన పిల్లలకి బంతి ఎవరిస్తారు?

ఈ దారిలో మన దేశపు అమ్మాయిలు కొందరు ఇప్పటికే నడిచారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆట నేర్చిన కవితా ఆకుల అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ యూనివర్సిటీకి ఆడింది. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీ జట్టులో ఆడింది. పంజాబ్ అమ్మాయి హర్‌సిమ్రన్ కౌర్ శాన్‌డియాగో యూనివర్సిటీకి వెళ్లింది. ఆట వాళ్లకి చదువుకి దారి చూపించింది. ఆట పట్టుకుంటే చదువు పోతుందన్న మన భయానికి వీళ్లే సమాధానం.

మరి మన ఊళ్ల సంగతి? ఏడో తరగతి దాకా అమ్మాయి గెంతినా, దూకినా ముద్దుగానే చూస్తాం. పెద్దమనిషి కాగానే 'ఇంకా ఏమిటా గెంతులు' అంటాం. పదో తరగతి వచ్చేసరికి స్కూల్లో ఆటల పీరియడ్‌ని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తారు. ఇంటర్మీడియట్‌కి వస్తే కాలేజీయే ఏ అపార్టుమెంటు భవనంలోనో ఉంటుంది. గ్రౌండన్న మాటే లేదు. అమెరికాలో అమ్మాయిల ఆట పదును తేలే పదహారు, పదిహేడేళ్ల వయసులో మన పిల్ల పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా బెంచీ మీద ఉంటుంది. తర్వాత డిగ్రీ, తర్వాత పెళ్లి. ఆమెకి కూతురు పుడితే ఆ కూతురికి ఇవ్వడానికి చీరలుంటాయి, నగలుంటాయి, వంటలుంటాయి. ఆట ఒక్కటే ఉండదు. ఒక అమ్మాయిని మాన్పిస్తే ఒకరినే మాన్పించినట్టు కాదు. ఆమె వెనక రాబోయే అమ్మాయిని కూడా మాన్పించినట్టే.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకి ఇంకో అవకాశం ఉంది. అక్కడ పిల్ల చదివే స్కూల్లోనే కోర్టుంది, కోచ్ ఉంది, చట్టం అండ ఉంది. పిల్ల జట్టులో చేరతానంటే, స్పెల్లింగ్ పోటీలకి తిప్పినంత ఓపిగ్గా ఆటకీ తిప్పండి. కాలేజీ దరఖాస్తులో ఒక గీతకోసం కాదు, ఆమెకి ఇష్టం కాబట్టి.

ఇక్కడున్న తల్లులు చేయగలిగినవీ ఉన్నాయి. పిల్లని స్కూల్లోనో కాలేజీలోనో చేర్చేటప్పుడు ఫీజు, ర్యాంకులు అడిగినట్టే గ్రౌండ్ ఎక్కడుందని అడగండి. అమ్మాయిల జట్టుందా? ఆట నేర్పేది ఎవరు? బట్టలు మార్చుకోవడానికి గది, శుభ్రమైన బాత్‌రూమ్ ఉన్నాయా? సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఇంటికి చేరడానికి బస్సుందా? నెలసరి రోజుల్లో పిల్ల ఇబ్బంది చెబితే అర్థం చేసుకునే మనిషి అక్కడ ఉందా? పదిమంది తల్లులు కలిసి అడిగితే ఏ ప్రిన్సిపాలూ నవ్వి ఊరుకోలేరు. ఆ దేశంలో కూడా అడగకుండా ఏదీ రాలేదు.

ఇక మీ సంగతి. స్కూల్లో టెన్నికాయిట్ ఆడినవాళ్లు, ఖోఖోలో పరుగెత్తినవాళ్లు, త్రోబాల్లో జిల్లా దాకా వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుని దాన్ని ఏ బీరువా అడుగునో దాచినవాళ్లు మీలో ఎందరో ఉంటారు. ఆ సర్టిఫికెట్ తీసి మీ అమ్మాయికి చూపించండి. అమ్మ కూడా ఒకప్పుడు పరుగెత్తిందని ఆ పిల్లకి తెలియాలి. వీలైతే ఆదివారం పూట మేడమీదో, సందు చివర ఖాళీ స్థలంలోనో ఇద్దరూ కలిసి ఆడండి. నలుగురూ చూస్తారేమో. చూడనివ్వండి. తలుపులు మూసుకుని ఆడిన రోజులు ఎప్పుడో పోయాయి.

ప్రతి అమ్మాయీ ఛాంపియన్ కానక్కర్లేదు. జాబితాలకెక్కే పేర్లు ఏ దేశంలోనైనా కొన్నే. కానీ ఆ కొన్ని పేర్లు రావాలంటే లక్షలమంది అమ్మాయిలు ఊరికే, సరదాకే ఆడుతుండాలి. వాళ్లని పిలిచి కూర్చోబెట్టకుండా ఉండటమే మనం చేయాల్సిన మొదటి పని. ఈ సాయంత్రం మీ అమ్మాయి చెమటలు కక్కుకుంటూ ఆలస్యంగా ఇంటికొస్తే, 'ఇంతసేపేమిటి' అని అడిగేముందు 'ఎవరు గెలిచారు' అని అడిగి చూడండి.